అవ్వ పేరు మీద వీధి మొత్తం

నేను చదివిన చదువు పేరు మా ఇంట్లో చాలామందికి నోరు తిరగదు. బయోమెడికల్ ఇన్ఫర్మాటిక్స్. అమ్మ ‘బయో’ దాకా వచ్చి, మిగతాదాన్ని చేత్తో గాల్లోకి తోసేస్తుంది. మా నాయన ఒక్కడే పూర్తిగా పలుకుతాడు. ఆయన జార్జి టౌన్‌లో పెళ్ళిపత్రికల హోల్‌సేల్ కొట్టులో సేల్స్‌మన్. ప్రూఫు చదివే అలవాటు కొద్దీ అక్షరం వెంట అక్షరం, ఎక్కడా తప్పు పోకుండా చదువుతాడు. అర్థం ఏమిటని ఎవరైనా అడిగితే మాత్రం, “అది మా అమ్మి చూసుకుంటాది,” అని తప్పించుకుంటాడు.

వాషర్‌మెన్‌పేట్‌లో మా అవ్వ, అంటే నాయన తల్లి, ఉండే వీధివాళ్ళు ఇంకా సులువైన దారి కనిపెట్టారు. “డాక్టరు చదువా, కంప్యూటరు చదువా?” అని అడిగారు. రెండూ కలిసినది అన్నాను. “అట్లయితే సగం డాక్టరు,” అని తేల్చేశారు. ఆనాటి నుంచి ఆ వీధిలో నేను సగం డాక్టరమ్మని. మోకాళ్ళ నొప్పికి మాత్ర చెప్పమని అడిగేవాళ్ళు. నాకు తెలియదంటే, పాపం ఇంకా ఆ పాఠం దాకా రాలేదేమోనని జాలిగా చూసేవాళ్ళు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది కానీ అప్పుడు ఒళ్ళు మండేది.

నిజానికి ఆ చదువులో చేరిన మాకే మేమేం చదువుతున్నామో మొదటి సెమిస్టర్ అయ్యేదాకా సరిగ్గా తెలియలేదు. మా క్లాసులో ఒక పళ్ళ డాక్టరు ఉన్నాడు. ఫార్మసీ చదివినామె ఒకరు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం విసుగొచ్చి మానేసి వచ్చినవాళ్ళు కొందరు. బయోటెక్నాలజీ చదివి, తర్వాత ఏం చెయ్యాలో తోచక చేరినదాన్ని నేను. పళ్ళ డాక్టరుకి కంప్యూటరంటే భయం, సాఫ్ట్‌వేర్ వాళ్ళకి రక్తం అన్న మాట వింటేనే భయం. నాకు రెండూ భయమే కనుక, రెండు వైపులా స్నేహితులు దొరికారు.

రోగి చెప్పిన బాధ, నర్సు చూసిన జ్వరం, ల్యాబులో తేలిన చక్కెర, ఇవన్నీ కంప్యూటర్లో ఒకే మనిషి కింద సరిగ్గా వచ్చి చేరాలి. ఒకరిది ఇంకొకరి కింద పడకూడదు. స్థూలంగా మా చదువంతా ఇదే. వినడానికి ఎంత చిన్న పని! చెయ్యబోతే తల ప్రాణం తోకకి వస్తుంది. నాకు మాత్రం ఆ పని మీద ప్రేమ పుట్టింది. అంకెల గుంపులోంచి ఒక మనిషి మెల్లగా బయటికి వస్తుంటే చూడటం నాకు ఇష్టం. ఫలానా మనిషికి పొద్దున పూట ఒంట్లో బాగుండదు, ఆదివారాలు మాత్ర మరిచిపోతుంది, ఎండాకాలంలో నీరసపడుతుంది అని, మొహం కూడా చూడకుండా తెలిసిపోతుంటే గమ్మత్తుగా ఉండేది.

నా రఫ్ పనికి కాగితాలు నాయన తెచ్చేవాడు. అచ్చుతప్పు పడ్డ పెళ్ళిపత్రికలు కొట్టులో మిగిలిపోతాయి. వాటి వెనక వైపు తెల్లగా, నున్నగా ఉంటుంది. నా ప్రాబబిలిటీ లెక్కలన్నీ ఎవరెవరి పెళ్ళిళ్ళ వెనకో సాగాయి. ఒక్కోసారి లెక్క తేలక కాగితం తిప్పితే వినాయకుడు కనిపించేవాడు. నాయన పక్కన నిలబడి, “ఎంతవరకు వచ్చింది?” అని అడిగేవాడు. లెక్క గురించి కాదు, కాగితాలు ఎంతవరకు వచ్చాయని. అయిపోకముందే ఇంకో కట్ట తెచ్చి పెట్టేవాడు. ఆయన ప్రేమ అలా కట్టలు కట్టలుగా వచ్చేది, నోటితో ఒక్క మాటా రాదు.

మేము నా చిన్నప్పుడే ఊరి అంచున ఉన్న మాధవరం వచ్చేశాం. అవ్వ రానంది. “ఆడ గాలి బాగుండాది, నీళ్ళు బాగుండాయి, అంతా సరే. మాట్లాడేదానికి మనిషేడి?” అని ఆ పాత ఇంట్లోనే, వీధిలోకి తిన్నె, అంటే అరుగు, ఉన్న ముందుగదిలో ఉండిపోయింది. నాయన కొట్టుకి ఆ ఇల్లు దగ్గర. అందుకని మధ్యాహ్నం అన్నం రోజూ అవ్వ దగ్గరే. అమ్మకి ఇది ఎప్పుడూ గుచ్చుకునేది. పొద్దున్నే లేచి క్యారియర్ కడతానంటే, “అమ్మ చేసి పెట్టుకోని ఉంటాదే,” అని నాయన నసిగేవాడు. వాళ్ళ పెళ్ళయిన నాటి నుంచి ఆ క్యారియర్ తగువు నడుస్తూనే ఉంది. ఎవరూ గెలవలేదు.

చివరి సంవత్సరంలో మా ప్రొఫెసర్ ఒక ప్రాజెక్టు మొదలుపెట్టింది. ఆమె చాలా ఏళ్ళు డాక్టరుగా పనిచేసి, ఆ తర్వాత కంప్యూటర్ల వైపు వచ్చిన మనిషి. తమిళంలో అందరినీ ‘కన్నా’ అని పిలుస్తుంది, తిట్టేటప్పుడు కూడా. ప్రాజెక్టు ఇదీ: రక్తపోటు ఉన్నవాళ్ళ ఇళ్ళలో బిపి మిషన్లు పెట్టాలి. చేతికి పట్టీ కట్టుకుని బటన్ నొక్కితే, మిషన్‌లో ఉన్న సిమ్ ద్వారా ఆ అంకెలు మా సర్వర్‌కి వచ్చేస్తాయి. రోగుల ఇళ్ళకి పంపకముందు, మిషన్ సరిగ్గా పనిచేస్తుందో లేదో చూడ్డానికి, ఒక్కో విద్యార్థి ఒక్కో మిషన్‌ని తనకి తెలిసిన పెద్దవాళ్ళ ఇంట్లో పెట్టాలి. నేను అవ్వ ఇంట్లో పెట్టాను. నా థీసిస్ ఆ అంకెల మీదే ఆధారపడి ఉంది.

“నాకేలమ్మీ ఇది?” అంది అవ్వ, మిషన్ని అటూ ఇటూ తిప్పి చూస్తూ. “బిపి ఉండాదని మాత్ర వేసుకుంటానే ఉండాను గదా.”

“ఆ మాత్ర పనిచేస్తా ఉందో లేదో చూసేదానికి అవ్వా. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కట్టుకో. లెక్క దానంతట అదే నాకొచ్చేస్తాది.”

“ఈడినుంచి ఆడికా? తీగ లేకుండానా?”

“ఆమా. నువ్వు మాత్రమే కట్టుకోవాల. వేరే ఎవురికీ కట్టగూడదు. తెలిసిందా?”

“సరి సరి,” అంది. అవ్వ రెండుసార్లు సరి అంటే దాని అర్థం వేరని, పుట్టినప్పటి నుంచీ చూస్తున్న నాకు తెలిసి ఉండాల్సింది.

మొదట్లో అంకెలు ముచ్చటగా వచ్చాయి. పొద్దునా సాయంత్రమూ, చెప్పినట్టే. మా ప్రొఫెసర్ కూడా మెచ్చుకుంది. తర్వాత గ్రాఫ్‌కి పిచ్చి పట్టింది. ఒక రోజు పొద్దున పదింటికి అవ్వ రక్తపోటు వ్యాయామం చేసే కుర్రాడిలా ఉంది. కాసేపటికి ఆకాశానికి పోయింది. ఆ వెంటనే కళ్ళు తిరిగి పడిపోయేంత కిందికి దిగింది. నాడి ఒకసారి నెమ్మదిగా, ఒకసారి పరుగు పెట్టి వచ్చినట్టు. మూడు వారాలు రోజూ అదే వరస. ఎప్పుడు ఫోన్ చేసినా అవ్వ హాయిగా ఉంది, బెండకాయలు తరుగుతోంది.

క్లాసులో అందరూ తెర చుట్టూ మూగారు. సాఫ్ట్‌వేర్ వాళ్ళు మిషన్‌లో లోపం అన్నారు. పళ్ళ డాక్టరు గొంతు తగ్గించి, “మూత్రపిండాల మీద ఒక గ్రంథి ఉంటుంది. అందులో గడ్డ ఉంటే ఇలా ఎగిరెగిరి పడుతుంది రక్తపోటు,” అన్నాడు. అతను పళ్ళు తప్ప వేరే ఏదైనా చూసి ఎన్నాళ్ళయిందో నాకు తెలుసు. అయినా భయం వేసింది. ప్రొఫెసర్ అతని మాట తోసిపుచ్చకపోవడం ఇంకా భయపెట్టింది. “ముందు ఇంటికి వెళ్ళి చూసి రా కన్నా,” అంది.

మెట్రో దిగి, బట్టల కొట్ల మధ్యనుంచి దాదాపు పరుగెత్తుకుంటూ వెళ్ళాను. వీధి మలుపులోనే అర్థమైంది. అవ్వ ఇంటి తిన్నె మీద జనం వరసగా కూర్చుని ఉన్నారు. చీరలకి ఫాల్ కుట్టే ఆమె, తోపుడుబండి మీద ఇస్త్రీ చేసే ఆయన, ఎదురింటి అక్క. ఆ అక్క వాళ్ళది చర్చికి వెళ్ళే కుటుంబం, పండగ కేకు మొదటి ముక్క ఎప్పుడూ అవ్వకే వస్తుంది. మధ్యలో స్టూలు మీద మిషన్, దాని పక్కన మహారాణిలా మా అవ్వ.

“కాళ్ళు నేలకి ఆనించు. ఊపిరి బిగబట్టగాకు,” అని ఫాల్ కుట్టే ఆమెకి పట్టీ చుడుతోంది. నేను నేర్పిన నియమాలన్నీ తు.చ. తప్పకుండా పాటిస్తోంది, ఆ ముఖ్యమైన ఒక్కటి తప్ప. అంకె వచ్చాక వైద్యం కూడా అక్కడే. ఎక్కువొస్తే మజ్జిగ, తక్కువొస్తే కాఫీ. ఎదురింటి అక్కకి బాగా వచ్చినట్టుంది, “దేవునికి స్తోత్రం,” అంటూ లేచింది. అవ్వ ఆ స్తోత్రంలో సగం తనకే చెందుతుందన్నట్టు తల ఊపింది.

“అవ్వా!” అని అరిచాను. “ఏందిది?”

“ఏముంది? దా, కూచో. నువ్వూ కట్టుకో.”

“నీకు మాత్రమే అని చెప్తిని గదా! వీళ్ళందరివీ నీ పేరు మీద పడతా ఉండాయి. ఆడ మా ప్రొఫెసర్ నీకు గడ్డ ఉండాదేమోనని బెంగపెట్టుకోనుండాది!”

అవ్వకి గడ్డ మాట పట్టలేదు. నా గొంతే పట్టింది. వీధివాళ్ళ ముందు మనవరాలు అరవడం ఆమెకి నచ్చలేదు. “నువ్వు యాల అట్ల అరస్తావు? ఇంటికొచ్చినోళ్ళకి కాఫీ ఇచ్చి, మిషన్ని బీరువాలో దాచిపెట్టుకుంటారామ్మీ ఎవురన్నా? కళ్ళ ముందర ఉండాది గదా. వాళ్ళకి కట్టుకోవాలని ఉండదా?”

దీనికి జవాబు మా సిలబస్‌లో లేదు. ఇస్త్రీ ఆయన మాత్రం తన వంతు పోతుందేమోనని చెయ్యి అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

మర్నాడు ప్రొఫెసర్‌కి చెప్తే ఆమె కుర్చీలో వెనక్కి వాలి కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వింది. “మనం ఇంత మంది కూర్చుని ప్లాను వేశాం. ఇంటికి మనుషులు వస్తారని ఒక్కరికీ తట్టలేదు చూడు,” అంది. నా థీసిస్ మునిగిపోయిందని నేను ఏడుపు మొహం పెడితే, మునగలేదు, ఇప్పుడే మొదలైంది అంది. వచ్చినవాళ్ళ కోసం మిషన్‌కి ఇంకో బటన్ పెట్టించాలి, ఒకే మిషన్ మీద పడ్డ అంకెల్లోంచి మనుషుల్ని విడదీయడం ఎలాగో చూడాలి, అదే నీ పని అంది. చివరికి నా థీసిస్ అదే అయింది. చివర్లో థీసిస్ మీద నన్ను ప్రశ్నలు అడగడానికి వచ్చిన పరీక్షకులు కూడా మజ్జిగ సంగతి రెండోసారి చెప్పించుకున్నారు.

ఆ రోజు అలా నవ్వుతూనే ప్రొఫెసర్ తెర మీద అంకెలు కిందికి జరుపుతూ పోయింది. ఒకచోట నవ్వు ఆగిపోయింది.

కొన్ని అంకెల పక్కన చిన్న గుండె బొమ్మ ఉంది. నాడి లయ తప్పితే మిషన్ పెట్టే గుర్తు అది. చెయ్యి కదిలినా పడుతుంది, అందుకని మేం దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. కానీ ప్రొఫెసర్ ఆ గుర్తు ఉన్నవాటిని మాత్రమే విడిగా తీసి చూపించింది. అన్నీ మధ్యాహ్నం పూటే. ఆదివారాలు లేవు. రక్తపోటు, నాడి ఇంచుమించు ఒకే తీరు. వీధి మొత్తంలోంచి ఒకే ఒక్క మనిషి.

“ఈ మనిషి గుండె లయ తప్పి కొట్టుకుంటోంది,” అంది. “ఇలా వదిలేస్తే లోపల రక్తం గడ్డకట్టి మెదడుకి పోవచ్చు. పక్షవాతం రావచ్చు, ప్రాణమే పోవచ్చు. ముందే పట్టుకుంటే మాత్రలతో ఆపొచ్చు. థీసిస్ తర్వాత. ఈ చెయ్యి ఎవరిదో కనుక్కో.”

నేను ఎన్నో రోజులుగా ఆ అంకెల్ని చెత్త అని తిట్టుకుంటున్నాను. అందులో ఒక మనిషి ప్రాణం ఉందని అప్పుడే తెలిసింది. అవ్వ పేరు మీద, ఎవరిదో గుండె.

సాయంత్రమే వెళ్ళి అవ్వని అడిగాను. మధ్యాహ్నం పూట ఎవరెవరు కట్టించుకుంటారని.

“ఎంతమందో వస్తారు, పోతారు. నాకేం గురుతు?”

అవ్వకి గుర్తులేకపోవడం! ఫాల్ కుట్టే ఆమెకి పోయిన శుక్రవారం ఎంత వచ్చిందో, ఇస్త్రీ ఆయనకి మజ్జిగ తాగకముందెంతో తాగాకెంతో చెప్పగలిగిన మనిషి. మధ్యాహ్నం అనగానే గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది. నాకు అనుమానం వచ్చింది. ప్రొఫెసర్ చెప్పినదంతా చెప్పాను. పక్షవాతం అన్న మాట దగ్గర ఆమె చేతిలో గిన్నె ఆగింది. తర్వాత దాన్ని బోర్లించింది.

“నీకు తెలుసు అవ్వా.”

“చెప్పగూడదని మాట తీసుకున్నారు,” అంది, నా వైపు చూడకుండా. “మాట ఇచ్చినాక ఎట్ల చెప్పేది?”

“ఆ మనిషికి ఏమన్నా అయితే?”

“నువ్వు చదువుకోనుండావు గదా, కనుక్కో,” అంది. ఆ గొంతులో మొండితనం ఉందనుకున్నాను. బతిమాలడం అని అప్పుడు అర్థం కాలేదు.

కోపంతో నా బుర్ర పనిచేయడం మానేసింది. సరే, నేనే పట్టుకుంటానని తిన్నె మీద మకాం వేశాను. ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని మధ్యాహ్నాలన్నీ అక్కడే. వచ్చినవాళ్ళందరికీ దగ్గరుండి కట్టాను. ఇస్త్రీ ఆయన మీద నాకు గట్టి అనుమానం. ఎండలో నిలబడి పనిచేసే మనిషి, నీరసంగా ఉంటాడు. ఆయన్ని మళ్ళీ మళ్ళీ కూర్చోబెట్టాను. ఆయన గుండె గడియారంలా కొట్టుకుంది. “ఏం పాపా, నాకు ఏమన్నా ఉండాదా?” అని ఆయనే బెదిరిపోయాడు. ఏమీ లేదని చెప్పి కాఫీ ఇప్పించాల్సి వచ్చింది. ఎదురింటి అక్కకి లేదు. ఫాల్ కుట్టే ఆమెకి లేదు. నేను కూర్చున్నన్ని రోజులూ ఆ గుండె బొమ్మ ఒక్కసారి కూడా రాలేదు.

అవి ఆడి నెల రోజులు, మన ఆషాఢం లాంటివి. ఆ నెలలో పెళ్ళిళ్ళు ఉండవు, పత్రికల కొట్లకి మాత్రం అప్పుడే ఊపిరాడదు. తర్వాతి నెల ఆవణిలో ముహూర్తాలు పెట్టుకున్నవాళ్ళంతా కార్డులు చూసుకోవడానికి వచ్చేది అప్పుడే. నాయన మధ్యాహ్నం ఫోన్ చేసి, “ఈ పొద్దు రాలేనమ్మీ. కొట్టులో జనం జాస్తి. ఈడనే పొట్లం తెప్పించుకున్నా, మీ అవ్వకి చెప్పు,” అనేవాడు. నేను అవ్వకి చెప్పేదాన్ని. అవ్వ ఆయన కోసం తీసిపెట్టిన చారు నాకు వడ్డించేది. ఆ చారు తాగుతూ కూడా నాకు ఏమీ తట్టలేదు. పరాయివాళ్ళ కోసం వెతుకుతున్న కళ్ళకి ఇంట్లో మనిషి ఎలా కనిపిస్తాడు?

ఒక రోజు క్లాసు తప్పనిసరై కాలేజీకి వెళ్ళాను. మధ్యాహ్నం తెర ముందు కూర్చుని ఉంటే అవ్వ మిషన్ నుంచి ఒక అంకె వచ్చి పడింది. పక్కన గుండె బొమ్మ. నేను లేనప్పుడే వచ్చింది. నేను ఉంటే రాని మనిషి. మధ్యాహ్నం వచ్చే మనిషి, ఆదివారం రాని మనిషి. ఇంతమాత్రం లెక్కకి పెళ్ళిపత్రిక తిప్పక్కర్లేదు.

అవ్వకి ఫోన్ చేశాను. “అవ్వా, నాయన అన్నానికి వచ్చినాడా?”

ముందు ఫోన్లో వీధిలోని బండి హారన్ వినిపించింది.

“ఆమా,” అంది అవ్వ.

ప్రొఫెసర్ గదికి వెళ్ళి నిలబడ్డాను. “ఆ చెయ్యి మా నాయనది,” అన్నాను. ఆమె కుర్చీలోంచి లేచి వచ్చి నా భుజం పట్టుకుని, ఏ ఆస్పత్రికి, ఏ డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలో చెప్పి, తనే ఫోన్ చేసి పెట్టింది. “కోప్పడకు కన్నా,” అంది. ఆమె నన్ను బాగా ఎరుగును.

మర్నాడు మధ్యాహ్నం చెప్పులు లోపల విప్పి, అవ్వ వంటింట్లో కూర్చున్నాను. అవ్వ చూసి, తన పనిలో పడింది. తిన్నె మీద ఆ వేళప్పుడు ఎవరూ లేరు. నాయన వచ్చాడు. తిన్నె ఎక్కేందుకు ఉన్నవి రెండే మెట్లు, అవి ఎక్కి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. ఆయాసం నాకు వంటింట్లోకి వినిపించింది. జార్జి టౌన్ కొట్టులో గోడౌన్‌కి పోయే నిలువు మెట్లు, భుజం మీద కార్డుల పెట్టెలు గుర్తొచ్చాయి. ఆయన కూర్చున్నాడు. అడగకుండానే చొక్కా చెయ్యి పైకి మడిచాడు. అవ్వ పట్టీ చుట్టింది. మిషన్ గుర్రుమని గాలి పట్టి, మెల్లగా వదిలింది.

నేను బయటికి వచ్చాను. తప్పు చేస్తూ దొరికిన పిల్లాడి మొహం నాయనది. గబగబా పట్టీ లాగేసుకున్నాడు.

“చెప్పేసినావామ్మా?” అన్నాడు అవ్వతో. “వద్దంటిని గదా.”

అవ్వ మండిపడింది. ఇన్నాళ్ళు ఆపుకున్నదంతా వచ్చింది. “నేనేడ చెప్పినా? చెప్పద్దంటివి, చెప్పలా. చెయ్యి కట్టినా, అంతే. కడితే ఆ పిల్లకి పోతాదని తెలుసును, అందుకే అన్నానికి ముందర రోజూ విడవకుండా కట్టినా.” తర్వాత నా వైపు తిరిగింది. “నువ్వు చూస్తావని ఎన్ని నాళ్ళు ఎదురుచూస్తిని! నువ్వేమో ఆ ఇస్త్రీ ఆయప్పని పట్టుకోని పీడిస్తా ఉండావు.” అని కొంగు మొహానికి పెట్టుకుంది. అవ్వ ఏడవడం అదే నేను మొదటిసారి చూడటం. ఆ వీధి మొత్తానికి చెయ్యి కట్టిన మనిషి, తన కొడుకు కోసం ఎవరి చెయ్యి పట్టుకోవాలో తెలియక అలా చేసింది. ఆమెని కావలించుకున్నాను. కోప్పడదామని మూటగట్టుకొచ్చిన మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

నాయనకి మెట్ల మీద ఒకసారి కళ్ళు చీకట్లు కమ్మాయట. వీధి చివర డాక్టరు గుండె సంగతి చెప్పి, పెద్దాస్పత్రికి పొమ్మన్నాడట. “ముహూర్తాలైపోనీ, నీ పరీక్ష అయిపోనీ, చూపించుకుందాం అనుకుంటిని,” అన్నాడు నేల చూస్తూ. తను పడిపోతే నేను చదువు ఆపేసి ఉద్యోగానికి పోతానని ఆయన భయం. ఆ భయం ఉత్తదేం కాదు. నేను అలా చేసేదాన్నే.

ఆ పూటే ఆటోలో తీసుకుపోయాను. అమ్మకి దారిలో ఫోన్ చేస్తే ఆమె అరవలేదు. “రేపటినుంచి క్యారియర్ నేను కడతా. ఎవురడ్డమొస్తారో చూస్తా,” అని మాత్రం అంది. ఆస్పత్రిలో ఇసిజి తీసి, ఇంకో పరీక్షకి బయట బెంచీ మీద కూర్చోమన్నారు. సరైన సమయానికి తెచ్చారు, మాత్రలు మానకుండా వేసుకుంటే భయం లేదు అని డాక్టరు చెప్పాడు. నాయన చొక్కా గుండీలు ఒకటి పైకి ఒకటి కిందికి పెట్టుకున్నాడు. నేను విప్పి సరిచేస్తుంటే ఊరుకున్నాడు.

“మీ అవ్వ ఏమనుకుంటాదంటే,” అన్నాడు కాసేపటికి, “అదేదో నాకు తెలీకుండా ఆయమ్మే తెలివిగా చేసిందనుకుంటాది.”

నేను ఆయన మొహం చూశాను.

“ఆ మిషన్లో పడేది నీకు పోతాదని నాకు తెలీదా ఏంది? నువ్వు తెచ్చి పెట్టిన నాడే ఇంట్లో చెప్తివి గదా. నిన్ను ఎదురుగా పెట్టుకోని నాయనకి బాగలేదని చెప్పేదానికి నాకు నోరు రాలా. నువ్వు కూచోనుంటే ఆ తిన్నె ఎక్కేదానికీ కాళ్ళు రాలా. నువ్వు లేని నాడు వచ్చి చెయ్యి పెడితిని. చూస్తావులే, చూసి నువ్వే వస్తావులే అనుకుంటిని.”

నేను చూశాను నాయనా, రోజూ చూశాను, చూసి ఎవరిదో అనుకున్నాను అని చెప్పాలని ఉంది. చెప్పలేకపోయాను. ఈ ఇంటివాళ్ళం మేం అంతే. ఆయన చెయ్యి తీసుకుని నా ఒళ్ళో పెట్టుకున్నాను. పట్టీ లేదు, మిషన్ లేదు. మణికట్టు మీద నా వేళ్ళు పెట్టాను. ఒకటి కొట్టింది. ఆగింది. రెండు వెంటవెంటనే కొట్టింది. మళ్ళీ ఆగింది, నేను ఊపిరి బిగబట్టేదాకా ఆగి, అప్పుడు కొట్టింది.

“ఎట్ల ఉండాది?” అన్నాడు నాయన. అంత సూటిగా ఆయన నన్ను ఏదీ ఎప్పుడూ అడిగింది లేదు.

“బాగలేదు నాయనా,” అన్నాను. “బాగైపోతాది.”